రాత్రిళ్లు నిలవని కాళ్లు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా, ఉద్దానంలో ఒక పల్లె. పేరు, ఊరు వేయవద్దని మనవి. మా వారికి 52 ఏళ్లు. షుగరు లేదు. కొబ్బరి తోటే మాకు ఆధారం. కిడ్నీలు రెండూ పాడయ్యాయని తెలిసి రెండేళ్లు కావస్తోంది. 14 నెలలుగా వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు తీసుకెళ్తున్నాను. మధ్యాహ్నం షిఫ్టు, నాలుగు గంటలు. ఆరు నెలల నుంచి కొత్త బాధ మొదలైంది. రాత్రి పక్క మీద వాలగానే కాళ్లు పీకుతున్నాయంటారు. పిక్కల లోపల చీమలు పాకుతున్నట్టు, ఎవరో నరం పట్టి లాగుతున్నట్టు ఉంటుందట. లేచి వాకిట్లో తిరుగుతారు. తిరిగినంతసేపూ బాగానే ఉంటుందట, పడుకుంటే మళ్లీ మొదలు. తెల్లవారుజామున ఎప్పటికో కునుకు పడుతుంది. ఈమధ్య డయాలసిస్ మంచం మీద కూడా ఇదే గొడవ. మూడో గంట వచ్చేసరికి ‘ఇక తీసేయండి’ అంటారు. నెలలో నాలుగైదుసార్లు అరగంట, ముప్పావు గంట ముందే లేచి వచ్చేశారు. అక్కడివాళ్లు మొండితనం అంటున్నారు. మా ఊళ్లో ఆర్ఎంపీ గారు నొప్పుల ఇంజెక్షను చేశారు, తగ్గలేదు. మందుల షాపులో అడిగి నిద్రమాత్ర తెచ్చి వేశాము. మత్తుకు తూలిపడబోయారు కానీ కాళ్లు మాత్రం ఆగలేదు. మా అత్తగారు పిక్కలకు గుడ్డ బిగించి కడుతున్నారు, సత్తువ లేకనే ఇదంతా అని రోజూ కొబ్బరినీళ్లు తాగిస్తున్నారు. ఇది మానసికమా? నరాల జబ్బా? మా అబ్బాయికి కూడా వస్తుందా? ఆయన మందుల చీటీ, పోయిన నెల రక్తపరీక్ష కాగితం జతచేశాను.

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ‘తిరిగినంతసేపూ బాగానే ఉంటుందట, పడుకుంటే మళ్లీ మొదలు’ అన్న చోట ఆగిపోయాను. జబ్బు ఏమిటో దాదాపుగా ఆ మాటలోనే తెలిసిపోతోంది. దీన్ని రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అంటారు. మొండితనం కాదు, మానసికం అంతకన్నా కాదు. డయాలసిస్ చేయించుకునేవారిలో దాదాపు నలుగురైదుగురిలో ఒకరికి ఉండే బాధే ఇది. ముందుగా ఈ సంగతి మీ వారికి చెప్పండి. ఆరు నెలలుగా అందరూ ఆయన్నే తప్పుపడుతుంటే ఎంత నలిగిపోయి ఉంటారో ఊహించగలను.

ఇంత మందికి ఉన్న జబ్బు ఇన్నాళ్లు ఎవరికీ ఎందుకు తట్టలేదని మీకు అనిపించవచ్చు. ఇందులో మన మాటకు కూడా కొంత పాత్ర ఉంది. తెలుగులో దీనికి ప్రత్యేకంగా ఒక పేరు లేదు. పొలంలో రోజంతా నిలబడి వచ్చినా కాళ్లు పీకుతున్నాయనే అంటాం, జ్వరం వచ్చినా అంటాం, నడుము దగ్గర నరం నొక్కుకుపోయినా అంటాం. ఈ జబ్బుకూ అదే మాట వాడతాం. ఆ మాట వినగానే ఎదుటివారి చేయి నొప్పి మాత్ర మీదికి పోతుంది. కాస్త శ్రద్ధ ఉన్నవారైతే కాల్షియం మాత్ర రాస్తారు. అసలు విషయం బయటికి రాదు. అందుకని ఈసారి కిడ్నీ డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ‘కాళ్లు పీకుతున్నాయి’ అన్న మాట పక్కన పెట్టి మీ వారిని ఇలా చెప్పమనండి: ‘కాళ్లు కదపకుండా ఉండలేకపోతున్నాను. కూర్చున్నా పడుకున్నా ఎక్కువవుతుంది. లేచి నడిస్తే తగ్గుతుంది. పగటికన్నా సాయంత్రం, రాత్రి ఎక్కువ.’ ఈ నాలుగు ముక్కలే ఈ జబ్బుకు గుర్తులు. దీన్ని తేల్చే ఎక్స్‌రే కానీ స్కానింగు కానీ లేదు. రోగి చెప్పే మాటే ఆధారం. అందుకే ఆ మాట సరిగ్గా చెప్పడం ఇంత ముఖ్యం.

ఇది కొత్తగా పుట్టిన జబ్బు కూడా కాదు. ఇంగ్లండులో థామస్ విల్లిస్ అనే వైద్యుడు 1672లోనే ఈ బాధను వర్ణించాడు. మంచం మీద పడుకున్న మనిషిని చిత్రహింసల కొట్టులో పెట్టినట్టే, నిద్ర అసాధ్యం అని రాశాడు. స్వీడన్ వైద్యుడు కార్ల్ ఆక్సెల్ ఎక్‌బామ్ 1945లో దీనికి ఇప్పటి పేరు పెట్టాడు. 

ఎందుకు వస్తుందో మీకు అర్థమయ్యేలా చెబుతాను. ఎందుకంటే చికిత్స అంతా ఆ కారణం చుట్టూనే తిరుగుతుంది. బాధ తెలిసేది పిక్కల్లోనే అయినా దాని మూలం మెదడులో ఉంది. శరీరం కదలికలను అదుపులో ఉంచే డోపమిన్ అనే రసాయనాన్ని మెదడు తయారు చేసుకోవాలంటే ఇనుము కావాలి. మెదడుకు ఇనుము చాలకపోతే డోపమిన్ పని గాడి తప్పుతుంది. ఆరోగ్యంగా ఉన్నవారిలో కూడా సాయంత్రమయ్యేసరికి డోపమిన్ ప్రభావం కొంత తగ్గుతుంది కాబట్టి ఈ కాళ్ల గొడవ సరిగ్గా పొద్దుగూకే వేళకే పెరుగుతుంది. ఇక కిడ్నీలు పాడైనవారి శరీరంలో ఇనుము తగ్గడానికి దారులు చాలా ఉన్నాయి. ఆకలి ఉండదు. తిన్న ఇనుము పేగుల నుంచి సరిగా ఒంటికి పట్టదు. ప్రతి డయాలసిస్‌లోనూ గొట్టాల్లో, ఫిల్టరులో కొంత రక్తం మిగిలిపోతుంది. పరీక్షల పేరుతో తీసే రక్తం సరేసరి. దానికి తోడు కిడ్నీలు బయటికి పంపలేని మలిన పదార్థాలు నరాలను చికాకు పెడతాయి. ఇవన్నీ కలిసి మీ వారిని అర్ధరాత్రి వాకిట్లో తిప్పుతున్నాయి.

ఒక సంగతి చెప్పుకోవాలి. నేను డయాలసిస్ విభాగంలో పని మొదలుపెట్టిన తొలి రోజుల్లో ఒక పెద్దాయన ఉండేవారు. ఉద్యోగ విరమణ చేసిన బడిపంతులు. ఎప్పుడూ దుప్పటి కప్పుకొని పడుకునేవారు. మూడో గంట దాటాక ‘బాబూ, ఇంకెంతసేపు?’ అని పది నిమిషాలకోసారి అడిగేవారు. ఓపిక లేని మనిషి అనుకున్నాను. ఒకసారి గట్టిగానే మందలించాను. ఆ రోజు నర్సు ఆయన కాళ్ల మీది దుప్పటి తీసి నన్ను పిలిచింది. మడమలు ఒకదానితో ఒకటి రుద్దుకుని రుద్దుకుని ఎడమ మడమ పక్కన చర్మం లేచిపోయింది. కింద పరిచిన పక్కగుడ్డ మీద అర్ధరూపాయంత నెత్తుటి మరక. ఆయన చేతికి రెండు సూదులు ఉన్నాయి, లేచి నడవడానికి లేదు. నోరు తెరిచి చెబితే ఎక్కడ కోప్పడతామో అని దుప్పటి కింద నాలుగు గంటలూ ఆ యుద్ధం చేస్తూ వచ్చారు. ఆయన్ని క్షమాపణ అడిగాను. అప్పటి నుంచి మూడో గంటలో ఎవరు విసుక్కున్నా ముందు దుప్పటి తీసి కాళ్లు చూస్తాను.

మీ వారు ముందే లేచి వచ్చేయడం గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. ఆయన బాధ నిజం, కానీ లేచి రావడం ఆయనకే నష్టం. నాలుగు గంటల్లో శుద్ధి కావలసిన రక్తం మూడుంబావు గంటల్లో అవ్వదు. మిగిలిపోయిన మలినాలు మళ్లీ ఈ జబ్బునే పెంచుతాయి. కాళ్లు ఆగక లేస్తారు, లేచినందుకు కాళ్లు ఇంకా ఆగవు. నెలకు నాలుగైదుసార్లు అంటే చిన్న విషయం కాదు. ఇది గుండె మీద కూడా భారం వేస్తుంది.

అయితే ‘ఓర్చుకోండి’ అనడం వల్ల ఉపయోగం లేదు. చేయగలిగిన పనులు ఉన్నాయి. మొదటిది, మధ్యాహ్నం షిఫ్టు మార్చమని అడగండి. మధ్యాహ్నం మొదలైన డయాలసిస్ చివరి గంట సాయంత్రంలో పడుతుంది, సరిగ్గా జబ్బు నిద్ర లేచే సమయానికి. ఉదయం మొదటి షిఫ్టు దొరికితే ఆ చివరి గంట పగటి పూటే గడిచిపోతుంది. ఖాళీలు లేవంటారు, తెలుసు. ఇలా జబ్బు పేరు చెప్పి, డాక్టరు చేత రెండు వాక్యాలు రాయించి అడిగితే మాత్రం చాలా చోట్ల వింటారు. రెండోది, కాళ్ల గొడవ మొదలవగానే టెక్నీషియన్‌కు చెప్పమనండి. సూదులు ఉన్న చేతిని కదపకుండా పాదాలను ముందుకూ వెనక్కూ ఆడించవచ్చు, మోకాళ్లు ముడిచి చాపవచ్చు. దగ్గర ఉండనిస్తే మీరు పిక్కలు పిసకవచ్చు. కొన్ని విభాగాల్లో మంచం చివర అమర్చే పెడళ్లు ఉంటాయి, పడుకునే తొక్కవచ్చు. గ్రీసు దేశంలో డయాలసిస్ చేయించుకునేవారి చేత ఆరు నెలల పాటు ఇలా పెడళ్లు తొక్కించి చూస్తే ఈ బాధ బాగా తగ్గింది. సూదులతో ఉండగా తనంతట తాను లేచి నిలబడటం మాత్రం ఎంత మాత్రం కూడదు. సూది జారితే నిమిషాల్లో ప్రమాదం ముంచుకొస్తుంది.

ఇంకో మాట. మనసు ఖాళీగా ఉంటే ఈ బాధ పెరుగుతుంది, ఏదైనా పనిలో మునిగితే కొంత వెనక్కి తగ్గుతుంది. పాత పాటలు వింటూ కళ్లు మూసుకుని ఉండటం దీనికి పనిచేయదు. బుర్రకు పని చెప్పేది కావాలి. పదకేళి పూరించడం, ఫోనులో చదరంగం, తోట లెక్కలు రాసుకోవడం, ఏదైనా సరే చివరి గంట కోసం దాచిపెట్టుకోమనండి.

ఇప్పుడు మీరు పంపిన చీటీ సంగతి. నాకు ఎక్కువ అనుమానం ఇక్కడే ఉంది. దురదలకు రాత్రి పూట హైడ్రాక్సిజిన్ మాత్ర, వాంతులకు రోజుకు రెండుసార్లు మెటోక్లోప్రమైడ్ రాసి ఉన్నాయి. రెండూ ఈ జబ్బును రెచ్చగొట్టేవే. మెటోక్లోప్రమైడ్ మెదడులో డోపమిన్‌కు అడ్డుపడుతుంది. అసలే డోపమిన్ చాలని మనిషికి అది కూడా అందకుండా చేసినట్టు. మగత తెచ్చే పాతకాలపు అలర్జీ మందులు కూడా చాలా మందిలో కాళ్ల గొడవను పెంచుతాయి. హైడ్రాక్సిజిన్ అలాంటిదే. జలుబుకు షాపులో ఇచ్చే క్లోర్‌ఫెనిరమైన్, దద్దుర్లకు వేసే ఫెనిరమైన్, దగ్గు సిరప్పులో కలిపే డైఫెన్‌హైడ్రమైన్ ఆ కోవలోవే. చీటీ మీద తేదీ చూస్తే ఈ రెండు మందులూ మొదలై ఏడు నెలలు. ఆయన బాధ మొదలై ఆరు నెలలు. వీటి వల్లే వచ్చిందని ఇక్కడ కూర్చుని తీర్పు చెప్పలేను. కానీ ఈ తేదీలు రెండూ మీ డాక్టరు గారి కళ్ల ముందు పెట్టండి. మీరు సొంతంగా మానేయవద్దు. ‘వీటికి బదులు వేరేవి ఇవ్వగలరా?’ అని అడగండి. ఇవ్వగలిగినవి ఉన్నాయి.

అలాగే నిద్ర పట్టడం లేదనో, దిగులుగా ఉన్నారనో ఎవరైనా అమిట్రిప్టిలిన్, మిర్టజపిన్ లాంటి మందులు రాయబోతే ఈ కాళ్ల సంగతి ముందుగా చెప్పండి. ఆ తరహా మందుల్లో చాలా వరకు దీన్ని పెంచుతాయి.

రక్తపరీక్ష కాగితంలో హిమోగ్లోబిన్ 8.6 ఉంది. రక్తం పెరగడానికి ఎరిత్రోపొయెటిన్ ఇంజెక్షను కూడా నడుస్తోంది. కానీ ఇనుము పరీక్షలు కనిపించలేదు. రెండు అడగాలి: ఒకటి ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్, రెండోది రక్తంలో వాడకానికి అందుబాటులో ఉన్న ఇనుమును చూపే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్, దాన్నే టీశాట్ అంటారు. రెండూ కలిపి చూస్తేనే లెక్క తేలుతుంది. ఫెరిటిన్ ఒక్కదాన్ని చూసి ఇనుము సరిపడా ఉందనుకోవడం డయాలసిస్ రోగుల్లో పొరపాటు. ఒంట్లో ఇన్ఫెక్షను, వాపు ఉంటే ఫెరిటిన్ అంకె తనంతట తాను పెరిగిపోయి మభ్యపెడుతుంది. అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2025లో ప్రచురించిన మార్గదర్శకాల ప్రకారం, డయాలసిస్ దశలో ఉండి ఈ జబ్బు ఉన్నవారికి ఫెరిటిన్ 200 కంటే తక్కువ, టీశాట్ 20 శాతం కంటే తక్కువ ఉంటే ఐరన్ సుక్రోజ్‌ను రక్తనాళం ద్వారా ఎక్కించవచ్చు. డయాలసిస్ జరుగుతుండగానే గొట్టంలో కలిపి ఇస్తారు, వేరే సూది అక్కర్లేదు. ఊళ్లో ఎవరి దగ్గరా ఈ ఇంజెక్షను చేయించవద్దు. అరుదుగానైనా తీవ్రమైన రియాక్షను వస్తుంది, అప్పుడు పక్కన ఆసుపత్రి ఉండాలి. జ్వరం, ఇన్ఫెక్షను ఉన్న రోజుల్లో ఇవ్వరు కాబట్టి ఆ సంగతీ ముందే చెప్పండి.

మందులు సర్ది, ఇనుము సరిచేసి, డయాలసిస్ పూర్తి కాలం జరిగినా తగ్గకపోతే అప్పుడు దీనికోసమే ఒక మాత్ర అవసరమవుతుంది. ఇప్పుడు ఎక్కువగా ముందు ఆలోచించేది గాబాపెంటిన్. డయాలసిస్ రోగుల దురదలకు కూడా అది పనిచేస్తుంది. అంటే హైడ్రాక్సిజిన్ మానేస్తే దురద ఎలా అని మీ వారికి బెంగ కలిగితే దానికి కూడా అందులో సమాధానం దొరకవచ్చు. కానీ ఈ మందు దగ్గర చాలా జాగ్రత్త కావాలి. గాబాపెంటిన్ శరీరం నుంచి పోయేది కిడ్నీల ద్వారానే. కిడ్నీలు పనిచేయని మనిషిలో అది రోజుల తరబడి నిలిచిపోతుంది. నరాల నొప్పికి మామూలు మనిషికి రోజుకు మూడుసార్లు ఇచ్చే మోతాదు మీ వారికి ఇస్తే మగత, తూలడం, మాట తడబడటం, చేతులు అదరడం, చివరికి స్పృహ తప్పడం దాకా పోవచ్చు. అందుకే డయాలసిస్ రోగులకు చాలా చిన్న మోతాదుతో మొదలుపెట్టి, డయాలసిస్ అయిన రోజున, అది అయ్యాక వేయమంటారు. పక్కింటివాళ్లకు రాసిన మాత్ర పేరు అదేనని తెచ్చి వేయవద్దు. ప్రీగాబాలిన్‌కు కూడా ఇవే జాగ్రత్తలు.

కొంతకాలం కిందటి వరకు ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటి పార్కిన్సన్స్ జబ్బు మందులు దీనికి ఎక్కువగా రాసేవారు. మొదట్లో అద్భుతంగా పనిచేస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ చాలా మందిలో ఎదురు తిరుగుతాయి. రాత్రి పదింటికి వచ్చే బాధ మధ్యాహ్నానికే వస్తుంది, కాళ్లకే ఉన్నది చేతులకూ పాకుతుంది. కొందరిలో జూదం, విచ్చలవిడిగా ఖర్చు పెట్టడం లాంటి అదుపులేని అలవాట్లు కూడా మొదలవుతాయి. అందుకే ఇప్పుడు వాటిని ముందు వరుసలో పెట్టడం లేదు. ఎవరైనా రాస్తే ఎందుకు రాశారో అడిగి తెలుసుకోండి.

నిద్రమాత్ర మళ్లీ వేయవద్దు. మీరే చూశారు, మనిషి తూలారు, కాళ్లు ఆగలేదు. మత్తులో ఉన్నా ఆ తపన పోదు. నిద్రకూ మెలకువకూ మధ్య లేచి నడిచి పడిపోయే ప్రమాదం ఉంది. తుంటి ఎముక విరిగితే డయాలసిస్ రోగికి కోలుకోవడం చాలా కష్టం.

నొప్పుల ఇంజెక్షను గురించి కూడా చెప్పాలి. అది డైక్లోఫెనాక్ అయి ఉంటుందని నా అనుమానం. ఇది నొప్పి జబ్బే కాదు కాబట్టి దానితో తగ్గదు. పైగా మీ వారికి ఇప్పటికీ రోజుకు కొంత మూత్రం వస్తుంటే ఆ మిగిలిన కాస్త కిడ్నీ పనినీ అలాంటి ఇంజెక్షన్లు దెబ్బతీస్తాయి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు ఎందుకు ఇంతగా ఉందన్నది ఇంకా తేలలేదు. కానీ నొప్పి మాత్రలు కిడ్నీలకు చేటు అన్నది ఎప్పుడో తేలింది. ఒళ్లు నొప్పులకు సాయంత్రానికో మాత్ర వేసుకునే అలవాటు ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే ఈ ఉత్తరం వారికీ చదివి వినిపించండి.

ఇక అత్తగారి కొబ్బరినీళ్లు. ఆవిడ కొడుకు మీద ప్రేమతో బోండాం కొట్టి ఇస్తున్నారు, నాకు తెలుసు. తోటలో చెట్టుకు కాసిన కాయ, మందులాంటిదని తరతరాలుగా నమ్మినది. కానీ 100 మిల్లీలీటర్ల కొబ్బరినీళ్లలో సుమారు 200 నుంచి 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. డయాలసిస్ రోగికి రోజంతా కలిపి మామూలుగా అనుమతించేది 2,000 మిల్లీగ్రాముల ప్రాంతం. మీ కాగితంలో ఆయన పొటాషియం 5.6 ఉంది, అంటే ఇప్పటికే ఎక్కువ. అది ఇంకా పెరిగితే గుండె హఠాత్తుగా ఆగిపోవచ్చు. ఏ ముందస్తు బాధా లేకుండా ఆగిపోవచ్చు. ఈ రోజు నుంచే కొబ్బరినీళ్లు మాన్పించండి. అత్తగారికి మీ మాట కన్నా నా మాట రుచిస్తుందనుకుంటే నా పేరు చెప్పండి. సత్తువకని అరటిపండు, బత్తాయి రసం పెట్టడం కూడా అంతే. పిక్కలకు మంచిదని మెగ్నీషియం మాత్రలు అమ్ముతుంటారు. అదీ కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి, పోదు, ఒంట్లో పేరుకుపోతుంది. పేరు లేని చూర్ణాలు, భస్మాలు దగ్గరికి రానివ్వవద్దు. విటమిన్ సి కొందరిలో ఈ బాధను తగ్గించిన మాట నిజమే, కానీ మోతాదు మించితే కిడ్నీ రోగుల్లో ఆక్సలేట్ అనే మలిన పదార్థం ఒంట్లో పేరుకుంటుంది. డాక్టరు చెబితే తప్ప మొదలుపెట్టవద్దు.

పిక్కలకు గుడ్డ కట్టడంలో మాత్రం అత్తగారు పూర్తిగా తప్పు కాదు. పిక్కల మీద ఒత్తిడి పడితే చాలా మందికి ఉపశమనంగా ఉంటుంది. బిగించి ముడి వేస్తే మాత్రం రక్తప్రసారం ఆగుతుంది, చర్మం దెబ్బతింటుంది. గుడ్డ బదులు అరచేతులతో గట్టిగా ఒత్తమనండి. పడుకునే ముందు పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో మోకాళ్ల దాకా కాళ్లు పెట్టుకోవచ్చు. నీళ్ల వేడి ముందు మీ మోచేతితో చూడండి, ఎందుకంటే కిడ్నీ జబ్బులో పాదాల స్పర్శ తగ్గి ఉండవచ్చు. గోడకు చేతులు ఆనించి, మడమలు నేలకు తగిలేలా ఉంచి పిక్కలు సాగదీయడం మంచిది. పగలు డయాలసిస్ లేని రోజుల్లో తోటలో నెమ్మదిగా నడవమనండి. మధ్యాహ్నం మూడు దాటాక టీ, కాఫీ వద్దు. పొగాకు, మద్యం అలవాట్లు ఉంటే అవి కూడా దీన్ని పెంచుతాయి. పగలు ఎక్కువసేపు పడుకుంటే రాత్రి మరింత కష్టం, కానీ తెల్లవారుజాము దాకా మేలుకున్న మనిషిని పగలు నిద్రపోవద్దనడం కూడా న్యాయం కాదు. మధ్యాహ్నం ఒక గంట చాలు.

ఒకటి సరిచూసుకోండి. డయాలసిస్‌లో పిక్క గట్టిగా రాయిలా ముడుచుకుపోయి ప్రాణం పోయేంత నొప్పి వస్తే అది కండరం పట్టేయడం. నీరు వేగంగా, ఎక్కువగా తీసినప్పుడు వస్తుంది. అది వేరు. అరికాళ్లలో మంట, మొద్దుబారడం పగలూ రాత్రీ ఒకేలా ఉండి నడిచినా తగ్గకపోతే నరాలు దెబ్బతిన్నట్టు. నడిస్తే పిక్క నొప్పి వచ్చి ఆగితే తగ్గుతుంటే కాలికి వెళ్లే రక్తనాళం సన్నబడిందేమో చూడాలి. అది మీ వారి బాధకు సరిగ్గా తిరగబడిన బాధ. మీరు రాసినదాన్ని బట్టి ఈ మూడూ కావు, కానీ ఒకరిలోనే రెండు కలిసి ఉండవచ్చు. కాబట్టి డాక్టరు గారు కాళ్లు స్వయంగా పరీక్షించాలి.

అబ్బాయి గురించి అడిగారు. ఏ ఇతర జబ్బూ లేకుండా చిన్న వయసులో వచ్చే రకం కుటుంబాల్లో తరచూ కనిపిస్తుంది. మీ వారికి వచ్చినది కిడ్నీ జబ్బు వెంట వచ్చినది. అబ్బాయికి కాళ్ల గురించి బెంగ అక్కర్లేదు. ఆ ప్రాంతంలో ఉంటూ, తండ్రికి కిడ్నీ జబ్బు ఉన్నందువల్ల ఏడాదికోసారి కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష, మూత్రంలో ప్రొటీను, బీపీ చూపించండి. కిడ్నీ మార్పిడి జరిగితే ఈ కాళ్ల బాధ చాలా మందిలో కొద్ది వారాల్లోనే తగ్గిపోతుంది. మీ వారి పేరు మార్పిడి కోసం నమోదు చేయించే వీలుందా అని ఇంతవరకు ఎవరూ మాట్లాడకపోతే మీరే అడగండి.

చివరగా మీ గురించి. ఆయన వాకిట్లో తిరుగుతుంటే మీరు గడప మీద కూర్చుని ఉంటారని మీరు రాయకపోయినా తెలుస్తోంది. వారానికి రెండు రాత్రులైనా ఆ కాపలా అబ్బాయికి అప్పగించి వేరే గదిలో పడుకోండి. వాకిట్లో ఒక దీపం ఎప్పుడూ వెలిగే ఉంచండి, తడబడకుండా ఉంటారు.

ఈ వారం డయాలసిస్‌కు వెళ్లేటప్పుడు మందుల చీటీ, రక్తపరీక్ష కాగితం పట్టుకెళ్లి ఫెరిటిన్, టీశాట్ రాయించండి. ఒక కాగితం మీద రోజూ బాధ మొదలైన వేళ, నిద్ర పట్టిన వేళ, డయాలసిస్‌లో ఎన్ని గంటలు ఉన్నారో రాస్తూ రండి. రెండు వారాల కాగితం, పరీక్షల అంకెలు, మార్చిన మందుల పేర్లు నాకు పంపండి.